సూర్యాపేట చేరని మేనమామ

ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కినవాడు మూడు గంటల తర్వాత ఎక్కడుండాలి? దారి బాగుంటే సూర్యాపేట దాటి ఉండాలి. బాగాలేకపోతే నకిరేకల్‌లో టీ తాగుతూ ఉండాలి. నేను ఎక్కడున్నానో చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే, ఇలాంటివాడు రాసింది చదవడమెందుకని మీరు పేజీ తిప్పేస్తారు.

ఇది ఆరేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో పని. ఉండేది మన్సూరాబాద్‌లో, అమ్మానాయినలతో. చేతిలో కొత్త ఫోను, ఆ ఫోనులో వాన కబుర్లు చెప్పే యాప్‌లు నాలుగు. మేఘం ఏ గల్లీలోంచి ఏ గల్లీలోకి తిరుగుతోందో రంగుల్లో చూపిస్తాయవి. వారం రోజులు ఆ రంగులు చూసేసరికి ఆకాశానికి నేనే వాచ్‌మన్‌నన్న నమ్మకం కుదిరింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున "నేటి వాతావరణం" అని పెట్టేవాణ్ణి. ఆ మాటలో వాత ముందుండి ఆవరణం వెనకుంటుందని అప్పట్లో గమనించలేదు.

ఇంతలో సూర్యాపేట నుంచి అక్క కబురు. ఆదివారం పొద్దున పదిన్నరకు నా మేనకోడలికి చెవులు కుట్టించే ముహూర్తం. మా దాంట్లో పిల్లను మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుంటేనే చెవులు కుడతారు. కొత్త బట్టలు, చెవుల కమ్మలు మేనమామ పెట్టాలి. అక్కకు తమ్ముణ్ణి నేనొక్కణ్ణే. పిల్ల పుట్టినప్పుడు చేసిన ఇరవై ఒకటో రోజు పండక్కి కూడా నేను ఇలాంటి తెలివితేటలతోనే, భోజనాలయ్యాక, విస్తళ్లు తీసే వేళకు చేరాను.

అందుకే అక్క ఫోనులో మెత్తగా మాట్లాడింది. మెత్తగా మాట్లాడినప్పుడే అక్కతో భయం.

"తమ్మీ, గీసారి ఆలస్యం జేసినవనుకో, నాకు తమ్ముడే లేడనుకుంట."

"అక్కా, నువ్వు పరేషాన్ గాకు. ముహూర్తానికి గంట ముందుంట."

శనివారం సాయంత్రం అమ్మానాయినలు తెలిసినవాళ్ల కారులో బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. ఇక్కడ మా నాయిన గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్లు పోచంపల్లి పక్కన మగ్గం నేసిన మనిషి. పట్నం వచ్చి పదేళ్లయినా మా బాల్కనీ దండెం మీద ఒక నూలు చిలప, అంటే చుట్టిన నూలు పోగుల కట్ట, వేలాడుతూనే ఉంటుంది. రోజూ పొద్దున, సాయంత్రం దాన్ని వేళ్లతో నలుపుతాడు. గాలిలో తడి ఎక్కితే నూలు మెత్తబడుతుంది, మగ్గం మీద పోగు వదులవుతుంది. నేతగాడికి ఆ సంగతి ముందు తెలియకపోతే ఆ రోజు పని పాడవుతుంది.

ఆ సాయంత్రం కూడా నలిపి చూశాడు. "నూలు చేతికి అంటుకుంటున్నదిరా. పొద్దుగాల పెద్ద వాన. మాతోని నడువు."

నేను ఫోను చూపించాను. "నాయినా, జర గిది చూడు. పదకొండు దాకా చుక్క పడది. ఏడింటికి బస్సెక్కుత, తొమ్మిదిన్నరకు దిగుత. ఉపగ్రహం ఆకాశంల ఉన్నది, నీ నూలు దండెం మీద ఉన్నది. ఏది ఎక్కువ చూస్తది?"

"ఉపగ్రహానికి తడి తెలుస్తదా?"

"అన్నీ తెలుస్తయి."

నాయిన లోపలికెళ్లాడు. తన పెద్ద నల్ల గొడుగు, వంకీ పిడి ఉన్నది, తెచ్చి నా మంచం మీద పెట్టాడు. నేను దాన్ని అంతకంటే మర్యాదగా తీసుకెళ్లి కారు డిక్కీలో పెట్టాను. "మీరే తీస్కపోండ్రి. నాకు పని లేదు దీనితోని," అన్నాను. అమ్మ కమ్మలూ, బట్టలూ, పసుపు కుంకుమా సంచిలో సర్దుకుని ఒళ్లో పెట్టుకుంది. నా ముఖం ఒకసారి చూసి, "అన్ని మేమే తీస్కపోతున్నం. నువ్వు నీ ఒడి ఒక్కటి తీస్కరా, చాలు," అంది.

ఇంతకంటే తేలికైన సామాను ప్రపంచంలో ఎవరికీ అప్పజెప్పరు. అయినా నేను చేర్చలేకపోయాను.

నేను కారులో ఎందుకు వెళ్లలేదని మీరడగవచ్చు. వెనక సీట్లో ముగ్గురం కూర్చుంటే ఇస్త్రీ చేసిన నా కొత్త చొక్కా నలుగుతుందని. ఆ చొక్కా ఆ మర్నాడు ఏమైందో తలుచుకుంటే ఇస్త్రీ పెట్టెకే సిగ్గేస్తుంది.

పొద్దున ఐదున్నరకు వాన మొదలైంది. మామూలు వాన కాదు. పైన ఎవరో ట్యాంకు మూత తీసి, మళ్లీ పెట్టడం మరిచి ఊరెళ్లిపోయినట్టుంది. యాప్ తెరిచాను. మన్సూరాబాద్ మీద పచ్చగా, ప్రశాంతంగా, పెళ్లి పందిరిలా ఉంది. నేను కిటికీలోంచి వానను చూశాను, మళ్లీ ఫోను చూశాను. వాననే అనుమానించాను. ఇది అసలు వాన కాదు, అసలు వాన పదకొండుకు వస్తుంది, ఇదేదో దారి తప్పింది అనుకున్నాను. దారి తప్పబోయేది వాన కాదని మీకు అప్పుడే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

ఆటోలో ఎల్‌బీ నగర్ చేరేసరికి కాలువ ఏదో, రోడ్డు ఏదో తెలియడం లేదు. రోజూ విజయవాడ వైపు బస్సులు ఆగే చోట మోకాలి లోతు నీళ్లు. పోలీసులు బండ్లన్నింటినీ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పుతున్నారు. జనమంతా మెట్రో స్టేషన్ కింద తడిసిన కోళ్లలా నిలబడ్డారు. వాళ్ల మధ్య నేను, గొడుగు లేని వాతావరణ నిపుణుణ్ణి.

అప్పుడొచ్చింది బస్సు. ముందు బోర్డు మీద "హైదరాబాద్ - సూర్యాపేట". చదువుకున్నవాణ్ణి కాబట్టి బోర్డు చదివాను. బస్సు ముఖం ఎటుందో చూడటానికి చదువు అక్కర్లేదు కాబట్టి చూడలేదు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ బస్సుకు అదే బోర్డుంటుందన్న సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను అప్పటికి చిన్నపిల్లవాణ్ణి కాకపోవడమే నా దురదృష్టం.

"డ్రైవరన్నా, టికెట్?"

"ముందుగాల ఎక్కవయ్యా, తడుస్తున్నవ్. గింత దూరానికి టికెట్ ఏంది?"

నూట ముప్పై కిలోమీటర్లను "గింత దూరం" అన్న డ్రైవరును చూసి, ఎంత అనుభవమో అని మెచ్చుకుంటూ ఎక్కాను.

బస్సు అద్దాలన్నీ మూసి ఉన్నాయి, ఆవిరితో తెల్లబడి ఉన్నాయి. లోపల నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు. నా అదృష్టానికి ఒక సీటు దొరికింది. పక్కన ఒక తాత, తలకు తువ్వాలు, కళ్లకు నల్లద్దాలు.

"గీ వానల ఎటు పోతున్నవ్ బిడ్డా?"

"మా మేనకోడలికి చెవులు కుట్టిస్తున్నరు తాతా. పదిన్నరకు ముహూర్తం."

"మంచిది. మామ ఒడి లేంది సూది పట్టరు. పోయి రా."

"నువ్వు?"

"కండ్ల దవాఖానకు. నాకు సరిగ్గ ఆనుతలేదు."

అయ్యో పాపం అనుకుని నేను హాయిగా నిద్రపోయాను. నిద్ర విషయంలో మాత్రం నేనెప్పుడూ ఆలస్యం చేయలేదు.

ఎనిమిదింటికి అక్క ఫోను. "తమ్మీ, యాడిదాక ఒచ్చినవ్?"

ఫోనులో ఇంటర్నెట్ లేదు. అద్దం తుడిచి బయటకు చూడొచ్చు. కానీ అది తెలివితక్కువవాళ్ల పద్ధతి. నేను గడియారం చూశాను. ఏడింటికి ఎక్కాను, గంటకు నలభై కిలోమీటర్లు, వానకు కొంచెం తగ్గించాలి, నా నమ్మకానికి కొంచెం కలపాలి.

"చౌటుప్పల్ దాటిన అక్కా."

ఎందుకైనా మంచిదని తాతను కూడా అడిగాను. "చౌటుప్పల్ దాటినమా తాతా?"

"ఎప్పుడో దాటినం," అన్నాడు తాత, కళ్లు మూసుకునే.

చూశారా, నా లెక్క. మళ్లీ నిద్రపోయాను.

తొమ్మిదింటికి బావ. "బావమర్దీ, యాడ?"

"నార్కట్‌పల్లి, బావా."

"వాన ఎట్లున్నది ఆడ?"

నార్కట్‌పల్లిలో వాన ఉండదని రాత్రి యాప్ చెప్పింది. "బంద్ అయింది బావా. మస్తు ఎండ."

"మరి ఆ దడదడ ఏంది? వాన చప్పుడే గద?"

"ఇంజను, బావా. పాత బస్సు."

బస్సు ఆగి అప్పటికి అరగంటయిందని, ఇంజను కూడా ఆపేశారని నాకు తెలియదు. తెలుసుకోవాలన్న దుర్బుద్ధి కూడా పుట్టలేదు. ముందు సీటామె వెనక్కి తిరిగి నన్ను వింతగా చూసింది. నా చొక్కా నచ్చిందేమో అనుకున్నాను.

తొమ్మిదీ ముప్పావుకు మళ్లీ అక్క. "నకిరేకల్ దాటిన. ఇగ అరగంట," అన్నాను. అవతల గొంతు మారిపోయింది. "ఒస్తుండు, ఒస్తుండు," అని లోపలికి కేకేసింది. నా ఒక్క మాటతో సూర్యాపేటలో పిల్లకు తలస్నానం చేయించారు. పీట వేశారు, దీపం ముట్టించారు. చెవులు కుట్టే అవుసలాయన బంగారు తీగ బయటికి తీశాడు. బావ నన్ను ఎక్కించుకురావడానికి బైకు మీద బస్టాండుకు బయల్దేరాడు. ఇన్ని పనులు జరిపించిన ఒక అబద్ధం అబద్ధమని నాకే తెలియదు. నిజాయితీగా అబద్ధమాడటమంటే అదే.

సరిగ్గా పది గంటలకు డ్రైవరు లేచి నిలబడ్డాడు.

"ముంగట నీళ్లున్నయ్. బండి ఇగ పోదు. దిల్‌సుఖ్‌నగర్ ఒచ్చింది, ఈడనే దిగుండ్రి అందరు."

నేను నవ్వాను. "డ్రైవరన్నా, నిద్ర మత్తా? దిల్‌సుఖ్‌నగర్ ఏంది?"

బస్సంతా నన్ను చూసింది. నేను మొదటిసారి అరచేత్తో అద్దం తుడిచాను. ఎదురుగా మా షాపు బోర్డు. కింద, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బకెట్‌తో సెల్లార్ నీళ్లు తోడుతున్న మా ఓనరు గారు. మూడు గంటల్లో నేను చేసిన ప్రయాణం, రోజూ బైకు మీద పావుగంటలో చేసేది.

"తాతా," అన్నాను. "చౌటుప్పల్ దాటినమంటివి."

"దాటినం గద. నేను తెల్లారుజామున సూర్యాపేటల ఎక్కిన. చౌటుప్పల్ దాటకుంట పట్నం ఎట్లొస్తది బిడ్డా?" తాత నల్లద్దాలు తీసి నన్ను నిదానంగా చూశాడు. "నాతోని దవాఖానకు నడువు. నీది ముందు చూపిద్దాం."

బస్సు దిగాను. ఓనరు గారు, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, నన్ను చూసి కరిగిపోయారు.

"సెలవన్నావు కదయ్యా. షాపు మునిగిందని తెలిసి ఫంక్షను మానుకుని వచ్చేశావా? మా వాళ్లెవరూ రాలేదు చూడు. నీలాంటోడు నూటికి ఒక్కడుంటాడు."

నూటికి కాదు, కోటికి ఒక్కడు. ఆ మాట చెప్పేలోపే బకెట్ నా చేతికొచ్చింది. అప్పుడే ఫోను మోగింది.

"బావమర్దీ, బస్టాండ్ల ఉన్న. మూడు బస్సులు చూసిన. యాడ దిగినవ్?"

"బావా... దిల్‌సుఖ్‌నగర్ల."

పాపం ఆయన మంచి మనిషి. "మా సూర్యాపేటల దిల్‌సుఖ్‌నగర్ అని ఎక్కడున్నది? కొత్త కాలనీనా?"

తర్వాతి సంగతి అమ్మ చెప్పింది. పదిన్నర అవుతోంది. అవుసలాయన, "మామ ఒడి లేంది నేను సూది పట్ట. ముహూర్తం పోతది, మీ ఇష్టం," అన్నాడట. అక్క ఏడవడానికి కూడా తీరిక లేనంత కోపంగా ఉందట. అప్పుడు అమ్మ లేచి, కారు డిక్కీలోంచి గొడుగు తెచ్చింది.

"వాడు రాకున్నా వాడు పంపిన గొడుగు ఒచ్చింది. వాని కంటె గిదే నయం, ఎటు పెడితే అటు ఉంటది," అంది. నాయిన పీట మీద కూర్చున్నాడు. ఆయన ఒళ్లో గొడుగు, గొడుగు మీద పిల్ల. నాకు పెట్టాల్సిన కొత్త తువ్వాలు గొడుగు పిడికి చుట్టారు. బొట్టు కూడా పెట్టారు. ముహూర్తం తప్పలేదు. పిల్ల పిడి పట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం అక్క ఫోటో పంపింది. కింద ఒక్క ముక్క లేదు. ఫోటోలో వెనక కిటికీలోంచి ఎండ కొడుతోంది. ఆ రోజు సూర్యాపేటలో చుక్క వాన పడలేదు. మా వంశంలో తడవకుండా మేనమామ పని చేసిన ఏకైక గొడుగు అది.

ఇప్పుడు మా మేనకోడలికి ఏడేళ్లు. పండగకు మా ఇంటికొస్తే ముందు తలుపు వెనక ఉన్న నల్ల గొడుగు దగ్గరికెళ్లి, "బాగున్నవా మామా?" అంటుంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ బాగున్నవా?" అంటుంది.

మొన్న అక్క ఫోను చేసింది. మేనకోడలి తమ్ముడికి వచ్చే నెలలో చెవులు కుట్టిస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, "ఈసారి తప్పకుంట..." అన్నానో లేదో, అక్క మధ్యలోనే అందుకుంది.

"నీకు తీరకపోతె పరేషాన్ గాకు తమ్మీ. గొడుగును పంపు, చాలు."

కాబట్టి చదువరులారా, బాల్కనీలో మా నాయిన నూలు చిలప మీద చెయ్యి పెట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఆకాశం గురించి ఎవరికీ ఏమీ చెప్పను. అద్దం తుడవకుండా ఏ ఊరూ దాటను. డ్రైవరు "గింత దూరం" అంటే ఎంత దూరమో అడుగుతాను. ముహూర్తానికి మూడు రోజుల ముందే సూర్యాపేటలో ఉంటాను, చొక్కా నలిగినా సరే.

గొడుగు కూడా నాతోనే వస్తుంది. బాబు ఎవరి ఒళ్లో కూర్చుంటాడో అక్కడ తేల్చుకుంటాం.