మరియతల్లి వెనకవైపు

ఆశీర్వాదం వడ్రంగి. అతను చేసిన తలుపుల కంటే చేస్తానని మాటిచ్చి ఎగ్గొట్టినవే ఎక్కువ. మనసంతా గుడి మీదే మరి! యానాం దగ్గరి ఆ చిన్న కథోలిక గుడిలో, పీఠం వెనక నిలువెత్తు చెక్కపని ఉంది. చనిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకున్న మరియతల్లి, చుట్టూ ఏడుస్తున్న జనం. ఐదువందల ఏళ్ళనాటిదట. ఎవరో ఫ్రెంచి ఫాదరు తన ఊరినుంచి ఓడలో తెచ్చాడట.

ఏటా వానలకు ముందు దాన్ని గోడనుంచి జరిపి, వెనకవైపు జీడితొక్కల నూనె పూయడం ఆశీర్వాదం ఇంటివాళ్ళ వంతు. పడవలకు పూసే నూనే. చెద దాని జోలికి రాదు. తాత పూశాడు, తండ్రి పూశాడు, ఇతనూ పూశాడు. చేతులు పొక్కేవి. ఆ పొక్కులు నలుగురికీ చూపించుకుని తిరగడం అతనికి భలే సరదా.

తొంభై ఆరు తుఫానుకు గుడి కప్పు లేచిపోయి, చెక్కపని ముందుకు వాలింది. గాలి తగ్గేదాకా ఆశీర్వాదం దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. మళ్ళీ పడకూడదని, ఎవరూ అడక్కుండానే, సిమెంటు కలిపి గోడకు అతికించేశాడు. ఊరంతా మెచ్చుకుంది. ఇక వెనక్కి చెయ్యి పోదే, నూనె ఎలా పూస్తావని ఒక్కరైనా అడగలేదు. ముందువైపు వార్నీషు వేస్తే చాల్లే అనుకున్నాడు, అన్నీ తెలిసిన పెద్దమనిషి.

ముప్ఫై ఏళ్ళు నిగనిగలాడింది. మొన్న జూన్‌లో దుమ్ము తుడుస్తుంటే, అతని బొటనవేలు మరియతల్లి భుజంలోకి దిగబడింది. లోపల చెక్క లేదు, చెదమట్టి. ఆకారాన్ని నిలబెడుతున్నది వార్నీషు పొర ఒక్కటే.

కాకినాడ పరుగెత్తి చెదల మందు తెచ్చాడు. సూదితో ఎక్కించాడు. తడి తగిలేసరికి భుజం జారిపోయింది.

"ఏంటండీ, అన్నం ముట్టట్లేదు?" అని భార్య సంపూర్ణమ్మ అడిగితే, కంచం పక్కకు నెట్టి మళ్ళీ గుడికే పోయాడు.

ఆదివారం పూజలో అందరూ చూస్తుండగా తల్లి ముఖం ఊడి పీఠం మీద పడి పొడైపోయింది. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఆశీర్వాదానికి చచ్చిపోవాలనిపించింది.

ఆ సాయంత్రమే, చేసిన పాపం ఫాదరుతో చెప్పుకుని క్షమాపణ పొందే పాపసంకీర్తనానికి వెళ్ళి, ఫాదర్ అనిల్ కుమార్ ముందు మోకరించాడు. మనవడి వయసు ఫాదరు. మొత్తం విన్నాడు.

"ఆశీర్వాదం గారూ, మీరు ప్రేమతో చేశారండి. ఇది పాపం కాదు. ఇందులో నేను క్షమించడానికేం లేదండి. ఇంటికెళ్ళి అన్నం తినండి."

ఆశీర్వాదం ఇద్దరి మధ్యనున్న అడ్డచెక్కను రెండు చేతులా పట్టుకున్నాడు.

"పాపమేనని అనండి ఫాదర్ గారూ, మీకు పుణ్యం ఉంటుంది. పాపమైతే మీరు క్షమిస్తారు. కాకపోతే నన్నెవరు క్షమిస్తారండి?"