ఎర్రరాయి రుచి

నేను తొమ్మిదో క్లాసులో బడి మానేశానని అందరూ అంటారు గానీ, నిజానికి బడే నన్ను మానేసింది. ఘనపదార్థానికి ఒక ఉదాహరణ చెప్పమని సైన్సు మాస్టారు అడిగితే వెనక బెంచీ వాళ్ళంతా నా తలకాయ చూపించారు. అలాంటి తల ఉన్నవాడు చివరికి రాళ్ళమ్ముకుని బతకడంలో వింతేమీ లేదు. వింతల్లా ఏమిటంటే, ఆ రాళ్ళని నేను నాకేవాణ్ణి.

అరకు వెళ్ళే దారిలో, గుహలకి దిగే చోట, వెదురు బొంగుల్లో చికెన్ కాల్చే పొయ్యిలు దాటాక, నీలం టార్పాలిన్ కింద మా కొట్టు. కొట్టంటే ఒక మడతమంచం, దాని మీద దుప్పటి, దుప్పటి మీద రాళ్ళు. తెల్ల పలుగురాళ్ళు, ఊదారంగు స్ఫటికాలు, పగలగొడితే లోపల తళతళలాడేవి. కొన్ని ఈ కొండలవే. చాలావాటికి ఈ కొండలతో చుట్టరికం లేదు, ఎక్కణ్ణుంచో బస్తాల్లో వస్తాయి. దుమ్ము పడితే రాయి రంగు చచ్చిపోతుంది. తడి తగిలితే లేచి కూచుంటుంది. నీళ్ళు కావాలంటే కింద పంపు దాకా పోయి మోసుకురావాలి. నాలుక ఎప్పుడూ మనతోనే ఉంటుంది. అందుకని బేరం రాగానే రాయిని నాలుక మీద ఒక్క రాపు రాసి, చొక్కాకి తుడిచి, ఎండకి పట్టి చూపించేవాణ్ణి. నా చుట్టుపక్కల చాలామందిదీ అదే పద్ధతి.

కారు దిగిన ఆడవాళ్ళు ముఖం తిప్పుకునేవారు. అయినా కొనేవారు. ఒకాయన నా ఉమ్మి ఇంకా ఆరని స్ఫటికాన్ని కళ్ళకద్దుకుని, పూజగదిలో పెట్టుకుంటానని జేబులో వేసుకున్నాడు. అప్పుడు ఆయన కారు మలుపు తిరిగేదాకా నవ్వాపుకున్నాను. ఇప్పుడు ఆ పూజగది తల్చుకుంటే నవ్వు రాదు.

మా ఆవిడ ఒక్కతే నాకేది కాదు. ఆవిడది గుమ్మలక్ష్మీపురం పక్క ఊరు. మంచం కోడు దగ్గర స్టీలు బొచ్చెలో నీళ్ళు, పాత చీర గుడ్డముక్క పెట్టుకుని రాయి తుడిచేది. కలెక్టరు గారి భార్య వచ్చి కూచుందర్రా అని నేను పక్క కొట్టు వాళ్ళకి చెప్పేవాణ్ణి. ఆవిడ ఇంకో రాయి తీసుకుని తుడిచేది. అప్పుడు తను కడుపుతో ఉంది. అంతకుముందు కడుపు వచ్చి నిలవలేదు. ఈసారి నిలవాలని ఇంటిల్లిపాదికీ ప్రాణమంతా అక్కడే ఉంది. మా అమ్మయితే కోడలు తుమ్మినా దండం పెట్టుకునేది.

ఆ చలికాలంలోనే మాకు రాళ్ళు తెచ్చి పోసే వ్యాపారి కొత్త సరుకు తెచ్చాడు. పేపర్లో చుట్టిన పొట్లాలు ఒకటొకటే విప్పాడు. గోధుమరంగు మట్టిరాయి మీద అగ్గిపుల్ల కన్నా సన్నటి పుల్లలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, నిప్పు మీద ఊదినప్పుడు వస్తుందే, ఆ నారింజ ఎరుపు. పుల్లకి పొడుగునా సన్నగీతలు. చిన్న ముక్క అరచేతిలో పెడితే చెయ్యి కిందికి లాగేసింది. ఇదేం రాయండీ అంటే, అడవి కెంపని చెప్పుకో అన్నాడు. మన అడవిదేనా అంటే, ఏదో ఒక అడవిదిలే అన్నాడు.

పొట్లాలు సర్ది, సంచిలోంచి సొంత సబ్బు తీసుకుని, పంపు దగ్గర మోచేతుల దాకా కడుక్కుని వచ్చి అప్పుడు టీ గ్లాసు పట్టుకున్నాడు. వచ్చిన ప్రతిసారీ అంతే. మా కొండగాలి తగిలితే చేతులు మాసిపోతాయేటండీ అని నేను ఎగతాళి చేస్తే, నీ నోటికి దండం రా అని నవ్వేవాడు.

ఆ రాయికి ఒక మాయరోగం ఉంది. మిగతా రాళ్ళు దుమ్ము పడితే మాసేవి. ఇది దుమ్ము పడకపోయినా, ఎండలో నాలుగు రోజులుంటే కళ తప్పేది. కళ తప్పితే నేనేం చేస్తాను, ఇంకోసారి నాకుతాను. మిగతావాటిని బేరం వస్తేనే నాకేవాణ్ణి, దీన్ని బేరం లేకపోయినా నాకాను. రుచేమీ లేదు. చప్పిడి. పుల్ల ముక్కలు విరిగి పళ్ళ కింద కరకరమంటే తుపుక్కున ఉమ్మి, మళ్ళీ రాయి పట్టుకునేవాణ్ణి.

ఒకరోజు కాలేజీ పిల్లల బస్సు ఆగింది. వాళ్ళకి రాళ్ళ చదువు చెప్పే మేడమ్ మా మంచం ముందు నిలబడింది. నేను మామూలుగానే ఎర్రరాయి తీసి నాలుక చాపాను. ఆవిడ వంగి నా మణికట్టు పట్టేసుకుంది.

"ముందు ఉమ్మెయ్యండి."

"ఉమ్మేస్తే కొట్టు ఎలా నడుస్తుందండీ," అన్నాను.

"ఇందులో సీసం ఉంది. ఉమ్మేసి నోరు పుక్కిలించండి. తరవాత ఎంతసేపైనా నవ్వుకుందాం."

పుక్కిలించాక కూచోబెట్టి పాఠం చెప్పింది. బడి మానేశాక నేను కుదురుగా విన్న పాఠం అదొక్కటే. రాయిని గుర్తుపట్టాలంటే రంగుని అన్నిటికన్నా చివర నమ్మాలట. సంచిలోంచి బాత్రూం టైలు ముక్క తీసి, నునుపు లేని వెనకవైపు ఎర్రపుల్లతో గీసింది. రాయేమో అంత ఎరుపు, గీతేమో పసుపు కలిసిన నారింజ. కెంపుతో గీస్తే టైలే గీసుకుపోతుంది గానీ రాయికేమీ కాదట. ఇదేమో రాగిబిళ్ళతో గీసినా గీత పడేంత మెత్తన. బరువు చూస్తే కెంపు కన్నా బాగా ఎక్కువ. ఇంత మెత్తగా ఉండి ఇంత బరువుంటే సీసాన్ని అనుమానించాలంది. సీసమూ క్రోమియమూ ఆక్సిజనూ కలిసిన రాయి, అందుకని క్రోమేట్ల జాతిలో వేస్తారట. సీసం గనుల పైపొరల్లో, దగ్గర్లో క్రోమియం ఉంటేనే పుడుతుంది, ఆ రెండూ ఒకచోట కలవడం తక్కువ కాబట్టి రాయీ అరుదే. పేరు క్రోకాయిట్. గ్రీకువాళ్ళ కుంకుమపువ్వు మాట అందులో ఉందట. క్రోమియాన్ని లోకంలో మొట్టమొదట కనిపెట్టింది కూడా ఈ రాయిలోనేనట. అంత వంశగౌరవం ఉన్నదాన్ని నేను ఐసుఫ్రూటులా చీకాను.

"దీన్ని ఇంకెవరు ముట్టుకుంటారు?" అని అడిగింది మేడమ్.

నేను వెనక్కి తిరిగాను. మా ఆవిడ మంచం కోడు దగ్గర కూచుని బొరుగులు తింటోంది. పక్కనే బొచ్చె. బొచ్చె అడుగున నారింజరంగు మడ్డి. గుడ్డముక్క అంచు కూడా అదే రంగు. మేడమ్ ఆ బొచ్చెనీ, ఆవిడ కడుపునీ చూసింది. నాలుక్కి తగలగానే ఏదో అయిపోదనీ, ఈ రాయి నీళ్ళలో సరిగా కరగదు కూడాననీ చెప్పి, గొంతు తగ్గించింది. పొడి రోజూ లోపలికి పోతుంటే సీసం ఒంట్లో పేరుకుంటుంది, తల్లి ఒంట్లోది బిడ్డకి చేరుతుంది, ఇద్దరూ విశాఖ వెళ్ళి రక్తం చూపించుకోండంది. రాళ్ళు గెడ్డ నీళ్ళలో పారెయ్యొద్దని అన్నీ తనే పొట్లాలు కట్టి, కాలేజీ అద్దాల బీరువాలో పెడతానని పట్టుకుపోయింది. మడ్డి నీళ్ళు కూడా సీసాలో పోయించుకుంది.

వ్యాపారికి ఫోన్ చేశాను. ఇందులో సీసముందని నీకు తెలుసా అన్నాను. తెలుసన్నాడు. మరి చెప్పలేదేం అని అడిగితే అన్నాడు:

"రాళ్ళమ్ముకుంటావనుకున్నాను గానీ నాకుతావని నాకేం తెలుసురా?"

ఎన్నిసార్లు అతని ఎదురుగానే నాకాను. నేను నాకుతుంటే చూస్తూ, చేతులు కడుక్కుని, నా టీ తాగాడు. ఆ సబ్బు నురగ ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది, మోచేతుల దాకా తెల్లగా. అంత శుభ్రమైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అంత రోత కూడా ఎవరి మీదా పుట్టలేదు.

రక్తం ఇచ్చొచ్చాక రిపోర్టు వచ్చేదాకా నా నోరు నాదనిపించలేదు. ఉప్పుతో తోమాను, నిమ్మచెక్కతో తోమాను, బొగ్గుపొడితో తోమి నాలుక పుండు చేసుకున్నాను. నా కంచంలో నా చెయ్యి పెట్టబుద్ధయ్యేది కాదు. రాత్రిపూట మా ఆవిడ కడుపు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకునేవాణ్ణి. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. మా అమ్మ మాత్రం నాకు నీళ్ళ గ్లాసు విడిగా పెట్టింది.

తరవాత మా గుంట, అదే మా పాప, సుఖంగా పుట్టింది గానీ, నేను చెప్పేది ఆ రిపోర్టు రోజు సంగతి. డాక్టరమ్మ నా కాయితం చూసి కనుబొమ్మలు ఎత్తింది. నీ ఒంట్లో ఉండకూడనంత ఉంది, మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోవాలంది. మా ఆవిడ కాయితం చూసి, ఈమెకి భయపడాల్సినంత ఏమీ లేదే, ఒకే కొట్లో కూచుంటారా మీరు అని ఆశ్చర్యపోయింది.

తిరుగు రైలు కొండెక్కుతుంటే అడిగాను, అదెలాగే అని. ఆ బొచ్చెలో చెయ్యి ముంచి, ఆ చేత్తోనే బొరుగులు తిన్నావు కదా అన్నాను.

"ఆ సేత్తో తిన్నానని నీకెవులు సెప్పారు? నువ్వు నాకిన రాయి ముట్టుకున్నాక పంపు కాడికెల్లి సబ్బెట్టి కడుక్కోకండా నేనేటైనా తిన్నానా? నీ ఉమ్మంటే నాకు అంత రోత."

రోజుకి అన్నిసార్లు పంపు దగ్గరికి ఎందుకెళ్తోందో నేను ఎప్పుడూ అడగలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకి అలాగే ఉంటుందనుకున్నాను. రైలు సొరంగంలో దూరింది. చీకట్లో నా మొహం కనబడదు కదా, అదే మేలనుకున్నాను. వెలుగొచ్చాక నా పాతబుద్ధి ఊరుకోలేదు.

"అయితే మన బిడ్డని కాపాడింది నా ఉమ్మేనన్నమాట," అన్నాను.

ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అంది:

"ఆ మేడమేదో మన పెళ్ళిసూపులకే వచ్చుంటే బాగున్ను మావా. పైరంగు సూసి నమ్మకు, ఓసారి టైలు ముక్క మీద గీసి సూడే అని నాకు అప్పుడే సెప్పీది."