గోలు ముందు గుమ్మడికాయ

ఆ రోజుల్లో మా మద్రాసులో (పేరు మారుస్తారన్న మాటలు అప్పుడప్పుడే మొదలయ్యాయి, మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ మద్రాసే) ఉద్యోగానికి చదువొక్కటే చాలేది కాదు. తెలిసినవాడుండాలి, లేకపోతే ఏదో ఒక కోటా ఉండాలి. నాకు మార్కులూ లేవు, కోటా లేదు; ఉన్నదల్లా ఒక మేనమామ. మనలిలో ఒక రంగుల ఫ్యాక్టరీవాళ్ళు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకి టైమాఫీసులో గుమాస్తా పని ఇస్తున్నారని విని, ఎప్పుడో మూతబడిన ఒక క్లబ్బు కాగితం మీద నేను యూనివర్సిటీ గోల్‌కీపర్నని రాయించుకొచ్చాడు. "నేను జన్మలో బంతి తన్నలేదు మామా" అన్నాను. "అందుకేరా గోల్‌కీపరని రాయించింది. వాడు తన్నే పన్లేదు, ఆడ నిలబడితే చాలు" అన్నాడు. ఆ తర్కం నాకు అప్పట్లో చాలా గొప్పగా తోచింది. నా తెలివి ఏపాటిదో దీన్నిబట్టే మీకు తెలిసిపోవాలి.

ఉద్యోగం ఇచ్చినాయన్ని ఫ్యాక్టరీలో అందరూ వెనకాల కప్పు సారనేవాళ్ళు. పెద్ద మేనేజరు. చిత్తూరు వైపు నుంచి వాళ్ళ తాతల కాలంలో వచ్చి పెరంబూరులో స్థిరపడ్డ కుటుంబం. ఆయన గదిలో ఒక అద్దాల బీరువా ఉండేది, లోపల ఏమీ లేదు. చుట్టుపక్కల కంపెనీలన్నీ కలిసి ఏటా ఆడే నాకౌట్ కప్పు కోసం దాన్ని ఖాళీగా ఉంచారట. కుర్చీ వెనక గోడ మీద పడుచువాడుగా ఉన్న కప్పు సారు ఫోటో, కాలి కింద బంతి, ముఖంలో లోకాన్ని జయించిన తీరు. జిల్లా జట్టుకి తాను కెప్టెన్‌గా ఉన్నప్పటి సంగతులు ఆయన వారానికోసారి చెప్పేవాడు, వారానికో రకంగా చెప్పేవాడు. "నాకౌటంటే ఏందనుకున్నావప్పా? ఓడితే ఇంటికి, గెలిస్తే పైకి. మన బతుకు మాదిరే" అని నా వైపు వేలు చూపించి, "కప్పు సీజను అయిపోనీ, నీ పర్మనెంటు ఆర్డరు సంగతి ఆపైన చూస్తాం" అన్నాడు. ఇంట్లో చూస్తే నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. అమ్మ అప్పటికే నాకు గవర్నమెంటు ఉద్యోగం కంటే గట్టి ఉద్యోగం వచ్చిందని వీధంతా చెప్పేసింది. ఆ ఆర్డరు చేతికి రాకపోతే నేను ఆ వీధిలో తలెత్తుకుని తిరగలేను.

ఇక మా జట్టు. స్టోర్సులో ఇద్దరు, అకౌంట్సులో నలుగురు, అందరికీ బొజ్జలు. కెప్టెన్ నాలుగడుగులు పరిగెత్తితే నిమ్మకాయ సోడా అడిగేవాడు. అసలు ఆట తెలిసినవాళ్ళు ఆ ఫ్యాక్టరీలో లేరా అంటే, ఉన్నారు. లోడింగ్ యార్డులో వ్యాసర్పాడి నుంచి వచ్చే కూలీలు మధ్యాహ్నం అన్నం తినేసి, చెప్పుల్లేని కాళ్ళతో, డ్రమ్ముల మధ్య ఆడే ఆట చూస్తే కళ్ళు తిరిగేవి. వాళ్ళలో గోల్‌కీపరుని బుల్లెట్ అనేవాళ్ళు, మన తెలుగువాడే. గాల్లో అడ్డంగా ఎగిరి బంతి పట్టుకునేవాడు. అయితే ఏం లాభం? వాళ్ళు కాంట్రాక్టు మనుషులు, కంపెనీ మనుషులు కారు. కంపెనీ తరఫున మూటలు మోయొచ్చుగానీ బంతి ముట్టుకోకూడదట. ఈ న్యాయాన్ని కప్పు సారు నాకు ఎంతో గంభీరంగా వివరించాడు, నేనూ అంతే గంభీరంగా తలూపాను. (తలూపడంలో మాత్రం నేను నిజంగా యూనివర్సిటీ స్థాయి.)

ప్రాక్టీసు మొదటి రోజు నా వైపొచ్చిన బంతిని నేను కళ్ళు మూసుకుని పట్టుకోబోతే అది ముక్కుకి తగిలింది. బుల్లెట్ చూశాడు. "సార్, మీరు ఆడలేదు గదా ఎప్పుడూ?" అన్నాడు మెల్లిగా. నేను గతుక్కుమన్నాను. "ఎవురికీ చెప్పన్లే సార్. కళ్ళు తెరిసి నిలబడండి, అది సాలు మొదట" అన్నాడు. ఆ రోజు నుంచి షిఫ్టు ముగిశాక అరగంట నాకు పడ్డం, లేవడం, మోకాలు అడ్డం పెట్టడం నేర్పించాడు. ఒక్క పైసా అడగలేదు. నేనూ ఎందుకు నేర్పుతున్నావని అడగలేదు, నా అవసరం నాది.

కప్పు మొదలైంది. మొదటి మ్యాచికి ఎదుటి జట్టు పొరపాటున వేరే గ్రౌండుకి వెళ్ళిపోయింది. రానివాళ్ళు ఓడినట్టే గనక మేం గెలిచాం. కప్పు సారు అందరికీ మైసూరుపాకు పంచి, దండలేయించి ఫోటో తీయించాడు. రెండో మ్యాచి రోజు వాన కురిసి గ్రౌండంతా చెరువైంది; చీటీలేస్తే మా పేరొచ్చింది. మళ్ళీ మైసూరుపాకు. సెమీఫైనల్ నాటికి ఎదుటి కంపెనీలో స్ట్రైకు, వాళ్ళ జట్టు జట్టంతా జెండాలు పట్టుకుని గేటు ముందు కూర్చుంది. అలా బంతిని ఒక్కసారి కూడా తన్నకుండా ఫైనల్‌కి చేరిన జట్టు ప్రపంచంలో మాదొక్కటే అయ్యుంటుంది. దానికి సిగ్గుపడాల్సింది పోయి మేమందరం ఛాతీలు విరుచుకుని క్యాంటీన్‌లో తిరిగాం. కెప్టెన్ అయితే నడక కూడా మార్చాడు. కప్పు సారు అద్దాల బీరువాకి తాళం కొత్తది కొన్నాడు.

ఫైనల్‌కి వచ్చింది ఒక లారీ కంపెనీ జట్టు, అందరూ జార్జి టౌన్ గోడౌన్లలో మూటలెత్తి రాటుదేలినవాళ్ళు. వాళ్ళ తొడలు చూడగానే మా స్టోర్సు మనిషి కడుపునొప్పన్నాడు. టాసు అయ్యి ఎవరి గోలు ఎటో తేలాక, ముఖ్య అతిథి అందరితో చేతులు కలుపుతుంటే, అప్పుడు తీశాడు కప్పు సారు తన బ్రహ్మాస్త్రాన్ని. మీకు తెలుసు కదా, ఆయుధపూజకి మా ఊళ్ళో ప్రతి దుకాణం ముందూ బూడిద గుమ్మడికాయకి కుంకం నింపి, కర్పూరం వెలిగించి, దిష్టితీసి రోడ్డుమీద పగలగొడతారు. మర్నాడు స్కూటర్లన్నీ దానిమీదే జారిపడతాయి, అది వేరే పండగ. ఆ మాదిరి గుమ్మడికాయ ఒకటి, చిన్నబిడ్డంత ఉంటుంది, క్యాంటీన్ మేస్త్రీ నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. "మన గోలు ముందర పగలగొడితే మన దిష్టి పోతాది, అంతే. వాళ్ళ గోలు ముందర పగలగొట్టామంటే మన దిష్టి పొయ్యి వాళ్ళకి తగులుకుంటాది" అని కప్పు సారు నా చెవిలో చెప్పి కన్నుగీటాడు. దిష్టి తగలకపోయినా కాలు జారుతుందిగదా అన్నది అసలు ఆలోచన. వాళ్ళ గోలు ముందు కాయ ఫడేలుమంది. ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాడు. రెఫరీ కర్పూర హారతి కళ్ళకద్దుకున్నాడు, పూజని ఎవరు కాదంటారు?

మొదటి సగమంతా ఆ గుమ్మడికాయ ఎవరికీ పనికిరాలేదు. ఎందుకంటే బంతి ఒక్కసారి కూడా అటువైపు పోలేదు. వాళ్ళ గోల్‌కీపరు స్తంభానికి ఆనుకుని వేరుశెనక్కాయలు తింటూ నిలబడ్డాడు. ఆటంతా నా మీదే. బంతి నా ఛాతీకి తగిలింది, మోకాలికి తగిలింది, నెత్తికి తగిలి పైకెగిరింది, రెండుసార్లు స్తంభానికి కొట్టుకుంది. నేను పట్టింది ఒక్కటీ లేదు, కానీ గోలూ పడలేదు. షామియానా కింద నుంచి కప్పు సారు "అదాన్రా యూనివర్సిటీ!" అని కేకలు. నా కళ్ళ ముందు ఆర్డరు కాగితం కనిపించింది, దాని మీద సంతకంతో సహా.

ఇంటర్వెల్‌లో బత్తాయి తొనలు తిని, గ్లౌజులు తొడుక్కుని, నేను నేరుగా వెళ్ళి నా గోల్లో నిలబడ్డాను. కాసేపటికి వాళ్ళ గోల్‌కీపరు కూడా అక్కడికే వచ్చాడు. నేను జరగలేదు. నన్ను ఎగాదిగా చూసి, "ఎన్న సార్, మీరు మా కంపెనీలో చేరిపోయినారా?" అన్నాడు. రెఫరీ ఈల వేసి అటు పొమ్మని చెయ్యి చూపించాడు. అప్పుడు షామియానా కింద నుంచి, పంచె ఎగ్గట్టుకుని, కప్పు సారు గ్రౌండులోకి పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్, ఆగప్పా! మా గోలిది! మావాణ్ణి వాళ్ళ గోల్లోకి ఎందుకు తరుముతుండావు? ఆడ గుమ్మడికాయుంది!"

గీత అవతల నీళ్ళబిందె పట్టుకున్న బుల్లెట్ జాలిగా అన్నాడు: "సార్, ఇంటర్వెల్ అయితే రెండు టీములూ పక్క మారాల సార్. చిన్నబిడ్డలకి గూడా తెలుసు."

నాకు తెలియదు. దూరదర్శన్‌లో ప్రపంచకప్పు చూశాను గానీ, సగం కాకముందే నిద్రపోయేవాణ్ణి. బుల్లెట్‌కి నేర్పాలని తోచలేదు, అన్నం నోట్లో పెట్టుకోవాలని ఎవరైనా నేర్పుతారా? ఇది నా సంగతి. కానీ జిల్లా కెప్టెన్‌కి కూడా తెలియలేదు! నేను కప్పు సారు వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఇద్దరం ఒకర్నొకరు పూర్తిగా చదివేశాం. చుట్టూ నవ్వులు మొదలయ్యాక ఆయన పంచె దించుకుని, గుమ్మడికాయ వైపు చూడకుండా వెనక్కి నడిచాడు.

రెండో సగం గురించి క్లుప్తంగా చెబుతాను. మొదటి బంతి పిల్లాడు దొర్లించినంత మెల్లిగా వచ్చింది. నేను ధైర్యంగా ఒకడుగు ముందుకేశాను, కుంకం కలిసిన గుజ్జు మీద. ఆకాశం కనిపించింది. బంతి నా పక్కనుంచే తీరిగ్గా లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఎన్ని గోల్స్ పడ్డాయో చెప్పను. లేచినప్పుడల్లా నేను అమ్మవారి జాతరలో పూనకం వచ్చినవాడిలా ఎర్రగా ఉన్నానని మాత్రం తర్వాత చాలామంది చెప్పారు.

మర్నాడు కప్పు సారు గదికి పిలిచాడు. బల్ల మీద నా ఫైలు, పైన క్లబ్బు కాగితం. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, అమ్మకి ఏం చెప్పాలో కూడా బస్సులో అనుకున్నాను. "యూనివర్సిటీకి ఆడినానని రాసినావే. ఎన్నేళ్ళు?" అన్నాడు. నేను ఆయన నెత్తి పైన ఫోటో వైపు చూశాను. నిజంగా ఏ దురుద్దేశమూ లేదు, చూడ్డానికి గోడ మీద ఇంకేమీ లేదు. ఆయన నా చూపు వెంట మెడ తిప్పి చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. చాలాసేపు కలం మూత తిప్పాడు. "కాయ ముదర్లేదప్పా. క్యాంటీన్ మేస్త్రీకి బుద్ధి లేదు" అని, ఆర్డరు మీద సంతకం పెట్టాడు.

ఆర్డరు జేబులో పెట్టుకుని యార్డు మీదుగా వస్తుంటే బుల్లెట్ డ్రమ్ము దించి ఆగాడు. "పర్మనెంటంట గదా సార్?" అవునన్నాను, నవ్వుతూ. "సంతోసం సార్. ఇంక ఆడాల్సిన పన్లేదు గదా?" లేదన్నాను. "అయితే ఆ గ్లౌజులు ఈడ పెట్టేసి పోండి" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. ఎగతాళికి అన్నాడేమోనని చూశాను. కాదు, ఆయనకి నిజంగానే గ్లౌజులు కావాలి. ఇచ్చేశాను. ఆ సాయంత్రం టైమాఫీసు కిటికీలోంచి చూస్తే, కంపెనీ గ్లౌజులు తొడుక్కుని, కంపెనీ మనిషి కాని బుల్లెట్ డ్రమ్ముల మధ్య అడ్డంగా ఎగిరి బంతి పట్టుకుంటున్నాడు. నాకు సిగ్గేసింది. అయినా ఆర్డరు జేబులో ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకున్నాను.

ఆ ఆర్డరు మీదే మొన్న రిటైరయ్యాను. వీడ్కోలు రోజున పిల్లలెవరో స్టోర్సులోంచి నా పాత ఫోటో దులిపి తెచ్చారు. మెడలో దండ, చేతికి గ్లౌజులు, ముఖంలో లోకాన్ని జయించిన తీరు, అచ్చం కప్పు సారు ఫోటోలాగే. "సార్, మీరు గోల్‌కీపరా!" అని ఒకమ్మాయి ఆశ్చర్యపోయింది. కాదని చెబుదామనే నోరు తెరిచాను. ముప్పయ్యేళ్ళు తిన్న ఉప్పు అడ్డమొచ్చినట్టుంది.

"ఇంటర్వెల్ దాకా, అమ్మా" అన్నాను.