చక్రం మీది రబ్బరు ఎంత మందం ఉండాలి

2020 వానాకాలంలో, లాక్‌డౌన్ సడలించి కార్ఖానాలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న రోజుల్లో, మా చక్రాల రబ్బరు ఊడిపోయిందన్న కబురు మొదట తెచ్చింది రాజమల్లు కాక. బండి ట్రయల్ నడిచే ఇచ్ఛాపూర్ నుంచి టెంపోలో ఆ చక్రాన్ని వేసుకొచ్చి, ఉధ్నాలోని మా షెడ్డు ముందు దిగి, మాస్కు గడ్డం కిందికి లాగాడు.

"బిడ్డా, బండి సగం తొవ్వల్నే ఆగింది. రబ్బరు పెచ్చులు పెచ్చులుగ లేస్తున్నది."

మాది మగ్గాల రోలర్లకు రబ్బరు తొడిగే షెడ్డు. నేను బడికి పోలేదు. చదవడం, రాయడం అమ్మ దగ్గరా, రబ్బరు పని నాన్న దగ్గరా ఇంట్లోనే నేర్చుకున్నాను. నాన్న పోయాక షెడ్డు నడిపే ధైర్యం దేవుడిచ్చాడు. రబ్బరును ఉడికించి అతికించే ప్రెస్ దగ్గర నిలబడింది మాత్రం, నాన్నతో పాటు కరీంనగర్ వైపు నుంచి ఈ మగ్గాల ఊరికి వలస వచ్చిన రాజమల్లు కాక.

మగ్గాలు ఆగి, రోలర్లు అడిగేవారే లేని సమయంలో, బరువైన ట్రాక్ వాహనాలు తయారుచేసే ఒక కంపెనీ తన కొత్త బండి చక్రాలకు రబ్బరు వేయమని పిలిచింది. ట్రాక్ వాహనం టైర్ల మీద కాక ఇనుప గొలుసు పట్టాల మీద నడుస్తుంది. ఆ పట్టా మీద దొర్లుతూ బరువంతా మోసేవి రోడ్ వీల్స్. ఇనుము మీద ఇనుము దొర్లితే ఆ అదురును బండీ తట్టుకోలేదు, మనిషీ తట్టుకోలేడు. అందుకే వాటి చుట్టూ రబ్బరు. ట్రయల్ నెగ్గితే పని మాది. లేకపోతే షెడ్డుకు తాళం పడుతుంది. అందరూ ఊళ్లకు వెళ్లిపోయినా మమ్మల్ని నమ్మి ఉండిపోయిన కాకా, మిగతావాళ్లూ రైలెక్కాల్సిందే.

మరునాడు ఆ కంపెనీ డిజైన్ ఇంజనీరు సుధాకర్ గారు వచ్చారు. విజయనగరం మనిషి. రబ్బరును అడ్డంగా కోసి చూశాం. పైన బాగుంది, ఇనుముకు అంటిన చోటా బాగుంది. నడుమ మాత్రం ముదురు పాకంలా జిగటగా, బుడగలు బుడగలుగా ఉంది.

"లోపలే ఉడికిపోయిందండీ," అన్నారాయన. "ఇంజను ఇంకా పెద్దది పెట్టొచ్చు, లాగుతుంది. కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ రబ్బరు బరువు కింద నలుగుతుంది. నలిగిందల్లా వేడవుతుంది. వేగం పెరిగితే చల్లారే తీరికేదీ?"

"అయితే జర దళసరిగ ఏద్దాం సార్. మందముంటె గట్టిగుంటది గద," అన్నాడు కాక.

మగ్గాల పని తెలిసినవాళ్లెవరైనా అదే అంటారు. రోలరుకు రబ్బరు ఎంత మందంగా ఉంటే అన్నాళ్లు వస్తుంది. కానీ రోలరు టన్నులు మోయదు. గిన్నెలో కుదించిన అన్నానికి నడుమ వేడి పోదు, పళ్లెంలో పరిస్తే ఆరుతుంది. రబ్బరూ అంతే. పలచన చేయాలి. కాంపౌండులో, అంటే రబ్బరు మిశ్రమంలో, అరగకుండా కలిపే నల్లపొడి తగ్గిస్తే వేడి ఇంకా తగ్గుతుంది, కాకపోతే తొందరగా అరుగుతుంది. ఆ మాట చెప్పాను.

"అరిగితే మార్చుకుంటామండీ, దారిలో ఊడితే ఏం చేస్తాం?" అని సుధాకర్ గారు దానికి వెంటనే ఒప్పుకున్నారు. పలచన చేయడం దగ్గరే ఆగిపోయారు. "అదురంతా లోపల కూర్చున్న మనిషి నడుముకు తగులుతుంది కదండీ."

ఆ మనిషి గుమ్మంలోనే ఉన్నాడు. టెస్ట్ డ్రైవరు యాదగిరన్న, సిద్దిపేట వైపు వాడు, సైన్యంలో బండ్లు నడిపి వచ్చినవాడు.

"మెత్తగ పోనీకి డుమస్ బీచికి టమాట భజియాలు తినెతందుకు పోతున్నమా సార్? ఏయమనుండ్రి," అన్నాడు.

ప్రెస్ ముందు దీపం పెట్టుకుని పని మొదలుపెట్టాం. ఒక మందంతో చక్రాలు తయారవుతాయి, యాదగిరన్న నడిపి వస్తాడు, మేం కోసి చూస్తాం, మందం మారుస్తాం. అన్నిటికంటే పలచనివి వేసిన రోజు ఆయన తలుపు పట్టుకుని మెల్లగా దిగాడు.

"నాది వెన్నుపూసనా, గులకరాళ్ల డబ్బనా చెల్లె?"

ఇంకోసారి, "పండ్లు కొట్టుకుంటలెవ్వు గని మూడో చక్రం కాడ పొడుస్తున్నది" అన్నాడు. సుధాకర్ గారు అక్కడి స్ప్రింగును మెత్తబరిచారు. యాదగిరన్న నడుము పట్టుకుని నిలబడటం చూసి, "ఇక చాలు యాదగిరీ, వేరే డ్రైవర్ని పిలుస్తాను" అన్నారు కూడా.

"కొత్తోనికి నిన్నటి అదురు ఎట్ల తెలుస్తది సార్? దీనికన్న మందమైతె రబ్బరు ఊడ్తది, పలచనైతె నేను ఊడ్త. నడిమిట్ల యాడ్నో ఉన్నది, దొరకవడ్తం."

దొరికింది. ఆఖరి ట్రయల్‌కు నన్నూ కాకనూ పిలిచారు. ఉధ్నా సందులో మా ప్రెస్‌లో ఉడికిన రబ్బరు మీద అంత బరువు బురద చిమ్ముతూ పరుగెత్తుతుంటే, కాక చేతులు జోడించాడు. నేను నాన్నను తలచుకున్నాను. బండి అనుకున్న దూరమంతా ఆగకుండా వెళ్లి వచ్చింది. చక్రం విప్పి కోశాం. నడుమ రబ్బరు ప్రెస్‌లోంచి తీసిన రోజులాగే గట్టిగా ఉంది. పని మాకే వచ్చింది, షెడ్డులో ఒక్కరూ రైలెక్కలేదు. ఈనాటికీ ఆ చక్రాలు మా దగ్గరే తయారవుతున్నాయి. చెప్పుకోవడానికి నాకు సంతోషంగానే ఉంటుంది.

బరువైన బండికి వేగం ఇంజను ఒక్కటే ఇవ్వదని ఆ పని నాకు నేర్పింది. రబ్బరు మెత్తదనం వదులుకుంటే ఆ అదురును ఎవరో ఒకరు ఒంటితో భరించాలి. డ్రాయింగులో మందం పక్కన ఒక అంకె ఉంటుంది, కింద కంపెనీ ముద్ర ఉంటుంది. ఆ అంకెను మేం కొలిచింది ఒక మనిషి నడుముతో.

యాదగిరన్న పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. నడుముకు బెల్టు లేనిదే కూర్చోలేడట. ఫోను చేస్తే తన సంగతి చెప్పడు, చక్రాలు ఎట్లున్నాయని అడుగుతాడు. రోజూ పూజలో ఆయన పేరు చెప్పుకుంటాను. ఇనుప పట్టాల మీద అంత పెద్ద బండి వేగంగా వెళ్లడం ఎక్కడైనా, టీవీలోనైనా సరే, కంటపడితే మీరూ యాదగిరన్నను ఒక్కసారి తలచుకోండి.