తప్పినోళ్ళ మాస్టారి కూతురు

మా అన్నయ్యకి అసలు పేరొకటి ఉందని మా వీధిలో చాలామందికి తెలియదు. అందరూ ఆయన్ని తప్పినోళ్ళ మాస్టారనే అంటారు. పదో తరగతి తప్పిన పిల్లల్ని చేరదీసి, మళ్ళీ రాయించి, గట్టెక్కించడం ఆయన పని. పొద్దున ఇనప సామాన్ల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుని మేకులు తూచి ఇస్తాడు. సాయంత్రం ఇంటి ముందు గదిలో చాపలు పరిచి ట్యూషను చెప్తాడు. ఒకప్పుడు ఒక చిన్న బడిలో లెక్కల మాస్టారే. ఆ బడి మూతపడింది, ఇప్పుడు అక్కడ టైర్లు అమ్ముతున్నారు. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే మా అన్నయ్య చుట్టూ తిరిగి సందులోంచి వెళ్తాడు. మనిషికి మానాభిమానాలు కాస్త ఎక్కువ. అది మా ఇంటి జబ్బు, మా నాన్నకీ ఉండేది.

నేను ఆయన చెల్లెల్ని. మా ఆయన పోయాక అన్నయ్య ఇంటి వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాను. నా నోరు మంచిది కాదని మా వదిన తప్ప అందరూ అంటారు. వదినా అనుకుంటూనే ఉంటుంది గాని, పాపం ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి.

అన్నయ్య పనితనం గురించి ముందు చెప్పాలి. సొంత అన్న గదా అని గొప్పలు పోతున్నాననుకోకండి, పరాయివాడైనా ఇదే మాట అందును. పరీక్ష తప్పిన పిల్లని ఎవరైనా తీసుకొస్తే, ఆయన మొట్టమొదట చేసే పని వెంట వచ్చిన తల్లిదండ్రుల్ని బయటికి పంపడం. "మీరు కాసేపు మెట్ల మీద కూర్చోండి" అంటాడు. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్తారు. తలుపు వేసి, పిల్లకి ఎదురుగా చాప మీదే కూర్చుని అడుగుతాడు: "ఏ పుస్తకం చూస్తే నీకు కడుపులో తిప్పుతుంది?" ఎందుకు తప్పావని అడగడు, ఎన్ని మార్కులొచ్చాయని అడగడు. పిల్లలు కాసేపు నేలచూపులు చూసి తర్వాత చెప్పేస్తారు. కన్నవాళ్ళు పక్కనుంటే ఏ పిల్లా ఆ ప్రశ్నకి నిజం చెప్పదని ఆయన గట్టి నమ్మకం.

తర్వాత, పాసైతే ఏం చేద్దామనుకుంటున్నావని అడుగుతాడు. పిల్ల వెళ్ళాలనుకున్న దారికి ఏ సబ్జెక్టు కావాలో దాన్ని ముందు పెడతాడు. కడుపులో తిప్పేదాన్ని వచ్చేసారికి జరుపుతాడు. "తప్పినవన్నీ ఒక్కసారే నెత్తికెత్తుకుంటే అసలుకే ఎసరొస్తుంది. ఈసారికి రెండే" అంటాడు. ఆ మాట వినగానే పిల్లలు ఊపిరి పీల్చుకోవడం నాకు మిషను దగ్గరికి కూడా తెలిసిపోయేది. బేకరీ ఆవిడ పెద్దకొడుకు అన్నీ తప్పి వచ్చినవాడు, అలా రెండేసి చొప్పున రాసి ఒడ్డున పడ్డాడు. అప్పటినుంచి ఆవిడ బన్నులతో పాటు మా అన్నయ్య కీర్తిని కూడా పొట్లాలు కట్టి పంచుతోంది.

అలాంటి మనిషి ఇంట్లో, ఈ ఏడు, కన్నకూతురే తప్పింది.

దాన్ని నేను ఉడత అంటాను. ఒకచోట కుదురుగా ఉండదు, ఏదో ఒకటి కొరుకుతూ ఉంటుంది. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మూడూ పోయాయి. ఫలితాలు వచ్చిన రోజు అన్నయ్య అన్నం ముట్టలేదు. పిల్లని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. నేనైతే నాలుగు తిట్టి, అది ఏడిస్తే కళ్ళు తుడిచి, అక్కడితో మరిచిపోదును. ఆయన మాత్రం దాని ముఖం చూడడమే మానేశాడు.

సాయంత్రం ట్యూషను పిల్లలు వచ్చే ముందు వంటింట్లోకి వచ్చి, గిన్నెలు సర్దుతున్న వదినతో అన్నాడు: "అది ఈ కాసేపూ లోపలే ఉంటే మంచిది. వాళ్ళకి తెలియాల్సిన పనేముంది?"

వదిన నాకేసి చూసింది. నేను నోరు తెరిచేలోపే, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది వదినా, ఊరుకో" అంది. ఆవిడ అంత పెద్ద మాట మాట్లాడేసరికి నేనూ ఊరుకున్నాను.

అది మొదలు, రోజూ సాయంత్రం ఉడత బియ్యం డబ్బాకీ గ్యాసు బండకీ మధ్య పీట వేసుకుని ఒళ్ళో లెక్కల పుస్తకం పెట్టుకుని కూర్చునేది. అవతల ముందు గదిలో అన్నయ్య పాఠం చెప్పేవాడు, గొంతు చించుకుని. చాప మీది పిల్లలకి చెవుడేం లేదు. ఆ అరుపు గోడకి ఇవతలున్న పిల్ల కోసం. ఊరివాళ్ళ పిల్లలకి ఎదురుగా కూర్చుని చెప్తూ, సొంత పిల్లకి గోడ చాటునుంచి చెప్పే తండ్రిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను.

ఒకరోజు బేకరీ ఆవిడ చిన్నకొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. అన్న చేసిన నిర్వాకమే వాడూ చేశాడు. మాటల్లో మాటగా, "మీ అమ్మాయి కూడా ఈ ఏడేగా మాస్టారూ రాసింది? ఇంకేం, మీ పిల్లకి ఢోకా ఏముంటుంది" అంది.

అన్నయ్య చాప కొస సర్దాడు. "ఏదో, పై చదువులకి చూస్తున్నామండీ" అన్నాడు.

వంటింట్లో ఉడత ఆ మాట విన్నది. తలుపు సందులోంచి నాకేసి చూసి నవ్వింది. చిన్నపిల్లలు దెబ్బ తగిలినప్పుడు పెద్దవాళ్ళు కంగారు పడకూడదని నవ్వుతారే, ఆ నవ్వు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తప్పింది అది, అబద్ధం ఆడింది ఆయన, మధ్యలో నా ముఖం నాకే చూపించుకోలేకపోయాను.

దానికి ఒక కోరిక ఉంది. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే పని నేర్చుకోవాలని. వదిన ఆసుపత్రిలోనే ఊడ్చి తుడిచే పని చేస్తుంది, చిన్నప్పుడు దీన్ని వెంట తీసుకెళ్ళేది. ల్యాబులో గాజుగొట్టాలు చూసి పిల్లకి మనసైంది. ఆ కోర్సులో చేరాలంటే సైన్సు, ఇంగ్లీషు పాసై ఉండాలి. లెక్కలు తర్వాతైనా రాసుకోవచ్చు. మళ్ళీ రాసే పరీక్షలో ఆ రెండూ గట్టెక్కితే ఈ ఏడే చేరుతుంది, లేకపోతే ఏడాది ఇంట్లో కూర్చోవాలి. కూర్చోబెడితే ఏమవుతుందో దానికి తెలుసు, నాకూ తెలుసు. నన్నూ ఒక ఏడాది కూర్చోబెట్టారు, ఆ ఏడాదే పెళ్ళి చేసేశారు.

దరఖాస్తు కాగితం ఇంటికి వచ్చింది. ఏ సబ్జెక్టులు రాస్తుందో అందులో గుర్తు పెట్టి ఇవ్వాలి. అన్నయ్య జేబులోంచి పెన్సిలు తీసి, పిల్లని అడగకుండానే, లెక్కల దగ్గర గుర్తు పెట్టాడు.

"ముందు లెక్కలు. మిగతావి తర్వాత చూద్దాం" అన్నాడు.

"అన్నయ్యా, అది వెళ్ళాల్సిన చోటికి సైన్సు కావాలి గదా" అన్నాను.

"నీకు తెలియదు, ఊరుకో."

"బేకరీ ఆవిడ కొడుకైతే ఏం చెప్పేవాడివి?"

"వాడి సంగతి వేరు."

"ఏం వేరు?"

"వాడు నా కొడుకు కాదు" అన్నాడు. అని, తలొంచుకున్నాడు. మళ్ళీ తనే మెల్లగా, "లెక్కల మాస్టారి కూతురు లెక్కల్లో తప్పిందంటే నేను నలుగురిలో ఎలా తిరగను? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అన్నాడు. ఆ మాట విన్నాక ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఆ బడి ముందునుంచి నడవలేని మనిషి ఈ ఇంట్లోకి మాత్రం ఏ ముఖంతో వస్తున్నాడో అనిపించింది.

మర్నాడు సాయంత్రం నేను జాకెట్టుకి కాజాలు కుడుతున్నాను. ముందు గదిలో అన్నయ్య గొంతు మామూలుగానే మోగుతోంది. ఉన్నట్టుండి ఉడత పీట మీంచి లేచి, తొట్టి దగ్గరికి వెళ్ళి భళ్ళున వాంతి చేసుకుంది. చద్దన్నం పడలేదేమో అనుకుని పరిగెత్తాను. అన్నం కాదు. దాని ఒళ్ళు చల్లగా ఉంది, పుస్తకం మూసి గ్యాసు బండ వెనక్కి నెట్టేసి ఉంది. ముందు గదిలో పిల్లలు ఆ చప్పుడు విని గుసగుసలాడుకున్నారు. అన్నయ్య పాఠం ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇంకాస్త గట్టిగా మొదలైంది.

ఇక నా వల్ల కాలేదు. కుక్కిన పేనులా పడుండడం నా జాతకంలోనే లేదు. దాని ముఖం కడిగి, చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకెళ్ళాను.

"మాస్టారూ, ఇంకో పిల్ల వచ్చింది. మూడు తప్పింది" అన్నాను.

బేకరీ ఆవిడ చిన్నకొడుకు పక్కకి జరిగి చాప మీద చోటిచ్చాడు. ఉడత కూర్చుంది.

"అందర్నీ అడిగేది దీన్నీ అడుగు" అన్నాను.

ఆయన చేతిలోని పుస్తకం మూసి మళ్ళీ తెరిచాడు. అది నేల చూస్తోంది.

"తండ్రి పక్కనుంటే చెప్పదు. నువ్వే అంటావుగా. వెళ్ళి మెట్ల మీద కూర్చో అన్నయ్యా. నేనడుగుతాను."

కసురుకుంటాడనుకున్నాను. లేచి వెళ్ళాడు. బయటినుంచి తనే తలుపు దగ్గరగా వేశాడు.

నేను చాప మీద కూలబడ్డాను. "ఏ పుస్తకం చూస్తే కడుపులో తిప్పుతుందే?" అన్నాను. ఇందాకే కళ్ళారా చూశాను గనక జవాబు నాకు తెలుసు.

"లెక్కలు."

"అంత కష్టమా?"

"కష్టం కాదత్తా. బాగానే వచ్చేవి." అది గోరు కొరికింది. "నేను లెక్క తప్పు చేస్తే నాన్న తిట్టడు. చుట్టూ చూస్తాడు, ఎవరైనా విన్నారేమో అని. చిన్నప్పట్నుంచీ అంతే. పరీక్షలో కూడా కాగితం మీద నాన్న అలా చూడడమే కనబడింది. అంకెలు కనబడలేదు."

తలుపు పాత చెక్క తలుపు, బయటికి అంతా వినబడుతుంది. ఆ సంగతి నాకు గుర్తుంది. గుర్తుండే అడిగాను.

చాప మీది పిల్లలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు. ఎవరి పుస్తకంలోకి వాళ్ళు చూస్తున్నారు. ఇలాంటిది ఏదో ఒకటి వాళ్ళింట్లోనూ ఉండే ఉంటుంది. ఆ రోజు అన్నయ్య మళ్ళీ లోపలికి రాలేదు. పిల్లలు సంచులు తీసుకుని, మెట్ల మీద కూర్చున్న ఆయన్ని తప్పుకుంటూ, వెళ్ళొస్తాం మాస్టారూ అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయారు. వదిన మంచినీళ్ళు తీసుకెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

దరఖాస్తులు ఇవ్వడానికి ఆఖరి రోజు ఉడత చదివిన బడి ఆఫీసుకి ముగ్గురం వెళ్ళాం. నేను వెంటపడే వెళ్ళాను. లేకపోతే కౌంటరు దాకా వెళ్ళి మళ్ళీ లెక్కలే అంటాడని నా భయం. చిన్న గది, ఒకటే కిటికీ, గోడ వెంబడి వరుస. మా వెనకే బేకరీ ఆవిడ, చిన్నకొడుకుతో. వాడు ఇంట్లో ఏమీ చెప్పినట్టు లేదు, ఆవిడ ఉడతని చూసి, "నువ్వు కూడా సాయానికి వచ్చావా అమ్మా" అంది. ఉడత నా వెనక నక్కింది.

అక్కడి గుమాస్తాకి అన్నయ్య ఏటా కనిపించే మనిషే. "రండి మాస్టారూ. ఈసారి ఎవరి పిల్లలు?" అన్నాడు.

అన్నయ్య కాగితం కిటికీలోకి జరిపాడు. "నా పిల్లేనండీ" అన్నాడు.

వెనక మాటలు ఆగిపోయాయి. గుమాస్తా కాగితం అందుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏవి రాస్తుంది?"

"సైన్సు, ఇంగ్లీషు."

"లెక్కలు కూడా పోయాయిగా? గుర్తు పెట్టి చెరిపేశారే." నవ్వాడు పాపం, చెడ్డవాడు కాదు. "ఇంట్లో మీరుండగా లెక్కలు వదిలెయ్యడమేంటి మాస్టారూ. వింటే నవ్వుతారు."

అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. కిటికీ చువ్వ పట్టుకుని, అందరికీ వినబడేలానే అన్నాడు. "నా దగ్గర దానికి రాదండీ. తప్పు నాది. వచ్చేసారికి వేరే వాళ్ళ దగ్గర చెప్పిస్తాను."

ఊరందరి పిల్లల్నీ గట్టెక్కించిన నోటితో ఆ మాట అంటుంటే నేను వినలేకపోయాను. ఆయన్ని ఇక్కడిదాకా ఈడ్చింది నేనే. భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అప్పుడు ఉడత నన్ను పక్కకి తోసి ముందుకి వచ్చింది.

"లేదండీ. నాన్న బాగానే చెప్పారు. నేనే వినలేదు. ఎప్పుడూ ఫోను చూసుకుంటూ కూర్చునేదాన్ని."

"అంతే మరి. ఈ కాలం పిల్లలంతా అంతే" అంది వెనకనుంచి బేకరీ ఆవిడ. గుమాస్తా కూడా తలాడించాడు. అందరికీ కుదిరిపోయింది ఆ మాట. అన్నయ్య ఊరుకుంటే చాలు, పరువు ఆయన జేబులో ఆయనకి ఉండేది.

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. ఫలితాలు వచ్చాక అదే మొదటిసారి.

"మా అమ్మాయికి ఫోను లేదండీ" అన్నాడు. "సైన్సు, ఇంగ్లీషు. రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు.