మసీదులో నా కుర్చీ

ఆదిలాబాద్ నుంచి చుట్టుపక్కల ఊళ్లకు ఆటో నడపడం నా పని. ముందు సీటు నాదని పేరుకే. నాకు అటొకరు ఇటొకరు ఎక్కితే, ఒక తొడ మీదే బరువేసి వంకరగా కూర్చునేవాణ్ణి. ఇరవై ఏళ్లు అలాగే నడిపాను. చివరికి నడుము పట్టేసింది. వంగితే లేవలేను, లేస్తే వంగలేను.

నడుము నొప్పి ఒక ఎత్తు, మసీదులో పడ్డ బాధ ఒక ఎత్తు. శుక్రవారం జుమ్మా నమాజులో నుదురు నేలకు ఆన్చలేక, వెనక ముసలివాళ్లకని వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది. ముందు వరసలో మా అబ్బా, డెబ్బై దాటిన మనిషి, నేల మీద! నలభై ఐదేళ్ల కొడుకు కుర్చీలో! సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన పక్కన మళ్లీ నేల మీద నుదురు ఆన్చి సజ్దా చెయ్యాలి, అంతే, ఇంకేమీ వద్దనిపించింది.

నడుము నొప్పులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి ఆటోలోనే వెళ్లాను. ఆమె బయటికొచ్చి, నన్ను ఆటోలో కూర్చోబెట్టి చూసింది. “చూడు భాయ్, ముందట ఎవ్వల్ని ఎక్కించుకోకు. నీ సీట్ల నువ్వే నిండుగ కూసో. లేకుంటే నేనేం జేసినా ఫాయిదా లేదు” అంది. రోజూ చెయ్యాల్సిన వ్యాయామాలు కూడా చూపించింది.

సరేనని సీటు మధ్యలో కూర్చున్నాను. అబ్బో, ఎవరి బండో ఎత్తుకొచ్చినట్టుంది! పత్తి చేలల్లో కూలికి పోయే ఒక అవ్వ రోజూ నా పక్కనే కూర్చునేది. ఆమెకు కోపమొచ్చింది.

“ఏందిరా, దొర లెక్క ఒక్కనివే కూసున్నవ్? జర జరుగు.”

“నడుము పోయిందవ్వా. డాక్టర్ వద్దన్నది.”

“నడుము పోతే నువ్వు ఎన్క కూసో. బండి నేను తోల్త!”

ఆటో అంతా ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది గానీ జరగలేదు. అవ్వ నన్ను తిట్టుకుంటూనే వెనక ఇరుక్కుంది.

వానలు పోయి చలి మొదలయ్యేసరికి నడుము దారికొచ్చింది. ఒక శుక్రవారం అబ్బా పక్కన వరసలో నిలబడ్డాను. మోకాళ్లు ఆన్చాను, చేతులు ఆన్చాను, భయపడుతూనే నుదురు ఆన్చాను. లేవగలిగాను! కళ్లలో నీళ్లు ఆగలేదు.

నమాజయ్యాక అబ్బా నా భుజం పట్టుకుని మెల్లగా లేచాడు. “అబ్ వో కుర్సీ మేరేకు దేదే” అన్నాడు నవ్వుతూ. ఇక ఆ కుర్చీ తనకిచ్చెయ్యమని. ఆయన మోకాళ్లు ఎప్పటినుంచో సలుపుతున్నాయట. తనూ కుర్చీ ఎక్కితే నేను ఆశ వదిలేసుకుంటానని, పళ్లు బిగబట్టుకుని ఇన్నాళ్లూ నేల మీదే చేశాడట.

మరుసటి శుక్రవారం ఆ కుర్చీని నేనే తుడిచి, వరస చివర నా పక్కన వేశాను.