గాబ్లెట్లు అడిగితే దుప్పట్లు

దుబాయ్‌లోని డేరా పేటలో ఉద్యోగం వెలగబెట్టిన ఆ రోజుల్లో నాకు నిద్ర తప్ప వేరే కోరిక ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళవాడికి ఇంకేవేవో కోరికలుండాలి గానీ, హోటల్ విందు హాల్లో వడ్డన చేసేవాడికి అరికాళ్ళు తప్ప మిగతా ఒళ్ళు గుర్తుండదు. కాకినాడలో డిగ్రీ చదివి, హోటల్ పనంతా కొట్టినపిండి అని ఇంటర్వ్యూలో ధీమాగా చెప్పి వచ్చినవాణ్ణి. (నాకు తెలిసిన హోటల్ పనల్లా పెసరట్టు తినడమే.) మా వడ్డన జట్టు కెప్టెన్ నెల్లూరు భాయ్‌కి ఆ సంగతి మొదటిరోజే తెలిసిపోయినా, పోనీలే తెలుగువాడని కడుపులో పెట్టుకున్నాడు. అయితే మూడు నెలలు చూసి నన్ను ఉంచాలో పంపాలో తేల్చేది ఆయన కాదు, ముదీర్. అంటే మా మేనేజరు. ఆ గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా ఇది జరిగింది.

ముందురోజు రెండు డ్యూటీలు కలిపి చేశాను. ఆ పొద్దున గోడకానుకుని నిలబడే కునుకు తీస్తుంటే ఫోన్లో భాయ్ గొంతు: ‘ఎనభై తీసుకురా, యల్లా, తొందరగా!’ ఏవి తీసుకురావాలో కూడా చెప్పాడు. నా నిద్రమత్తు చెవికి ‘బ్లాంకెట్స్’ అని వినిపించింది. నేరుగా దుప్పట్ల గదికి వెళ్ళాను. అక్కడ పనిచేసే కరీంనగర్ అన్న నన్ను ఎగాదిగా చూశాడు.

‘గిన్ని దుప్పట్లు ఏం జేస్కుంటరు తమ్మీ? బయట నిప్పులు గురుస్తున్నయ్.’

‘నాకేం తెలుసన్నా? భాయ్ తెమ్మన్నాడు.’

‘ముప్పై ఉన్నయ్. తీస్కపో.’

ముప్పై దుప్పట్లు తోపుడు బండి మీద పేర్చుకుని, మిగతా యాభైకి ఏం సంజాయిషీ చెప్పాలా అనుకుంటూ హాల్లోకి వచ్చాను. భాయ్ బండికి ఎదురొచ్చాడు.

‘యా అల్లా! ఏందబ్బా ఇది?’

‘బ్లాంకెట్లు, భాయ్.’

‘గాబ్లెట్లన్నాను రా సామీ! నీళ్ళు తాగే గాబ్లెట్లు!’

‘అవెలా ఉంటాయి భాయ్?’

(రోజూ మోసే గ్లాసులకు ఆ పేరుందని నాకు తెలీదు. ఇంటర్వ్యూలో చెప్పిన అబద్ధం మొత్తం ఆ ఒక్క ప్రశ్నతో ఖలాస్.) అప్పటికే తలుపు దగ్గర అతిథుల సందడి. బల్లల మీద ఒక్క గ్లాసు లేదు. ‘బండిని ఎక్కడన్నా దాచు!’ అని భాయ్ తనే సామాను గదికి పరుగెత్తాడు. దాచడానికి నేను తెర వెనక్కి తోస్తుంటే, సరిగ్గా ఏసీ గాలి కింద కూర్చున్న ఒక పెద్దావిడ వేలితో నన్ను పిలిచింది. విందు ఇస్తున్న పెద్దమనిషి తల్లి. మంచినీళ్ళడుగుతుందేమోనని నా ప్రాణం పోయింది. ఆవిడ వణుకుతూ బండి వైపు చూపించింది. ఒక దుప్పటి తీసి మోకాళ్ళ మీద కప్పాను. పక్కావిడ అడిగింది. ఆ పక్క బల్లవాళ్ళు అడిగారు. చూస్తుండగానే పదమూడు దుప్పట్లు అయిపోయాయి.

పద్నాలుగోది విప్పుతుండగా ముదీర్ వచ్చాడు. ఎవరి ఆలోచన ఇది అన్నాడు. విప్పిన దుప్పటి మళ్ళీ మడతపెట్టబోయాను. గాబ్లెట్ల ట్రేతో అప్పుడే లోపలికి వచ్చిన భాయ్, ముఖంలో ఏ భావమూ లేకుండా, ‘ఇతనిదే సర్’ అన్నాడు. ముదీర్ నా భుజం తట్టాడు. వారం తిరక్కుండా నా కాగితం మీద సంతకం పడింది. దాంతోపాటు, ఇకమీదట ప్రతి విందుకీ దుప్పట్లు మోసే పని కూడా నాదేనని ఉత్తర్వు వచ్చింది.

విందు ముగిశాక గిన్నెలు కడిగే గదిలో భాయ్ ఒక గాబ్లెట్ నా ముందు పెట్టి పాఠం చెప్పాడు. కాలున్న గ్లాసే గాబ్లెట్టట. కాడ పట్టుకోవాలి, పైనున్న గిన్నె భాగం పట్టుకుంటే చేతి వేడికి చల్లటి నీళ్ళు వెచ్చబడతాయి, వేలిముద్రలూ పడతాయి. బల్ల మీద ప్లేటు పక్కనుండే కత్తి మొనకు ఎగువన ఉంచాలి. వేడినీళ్ళ ఆవిరి పట్టించి పొడిగుడ్డతో తుడిస్తే మచ్చ మిగలదు. నీళ్ళకైనా పళ్ళరసానికైనా అదే.

‘తెలిసిందా?’ అన్నాడు. తెలిసిందన్నాను. ‘అయితే తాగు’ అని నీళ్ళు పోసి, బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట చూపించాడు. పొద్దుటినుంచి మొదటిసారి కూర్చున్నాను. కాడను రెండు వేళ్ళతో పట్టుకుని, రాజాగారిలా, గుక్క గుక్కకీ ఆగుతూ తాగాను. ఖాళీ అయ్యాక ఇంకా ఉన్నట్టే నటించాను, లేవమంటారేమోనని. భాయ్ చూసీ చూడనట్టు అటు తిరిగాడు. ఇరవై మూడేళ్ళ అప్పటి నేను ఇప్పుడు నాకు ఎదురుపడితే బాగుండు. ఏమీ చెప్పను. ఇంకో గ్లాసుడు నీళ్ళు పోసి, కాసేపు అలాగే కూర్చోనిస్తాను.